వాద్యాలకు మాటలు నేర్పిన సాలూరి రాజేశ్వరరావు

‘బాహుబలి’ మొదటి భాగంలో శివుడు జలపాతం ఎక్కే దృశ్యం మీలో చాలామంది చూసే ఉంటారు. ఒకసారి టీవీలో ధ్వని ఆపేసి ఆ దృశ్యం చూడండి. ఒక మనిషి రాళ్లు పట్టుకుని ఎక్కుతున్నట్టు కనిపిస్తుంది, అంతే. ధ్వని మళ్లీ పెట్టండి. వయొలిన్లు, డోళ్లు, బృందగానం కలిసి లేవగానే అదే మనిషి వీరుడిగా కనిపిస్తాడు. మనం బీజీఎం అంటున్న నేపథ్య సంగీతం చేసే పని అదే. కళ్లు చూస్తున్నదాన్ని మనసు దాకా చేరుస్తుంది.

ఎం.ఎం. కీరవాణి గారికి ఆస్కార్ వచ్చిన తర్వాత తెలుగు సినిమా సంగీతం పేరు ప్రపంచమంతా వినిపించింది. అయితే తెలుగు సినిమాలో వాద్యబృందానికి, అంటే ఆర్కెస్ట్రాకు, ఒక పద్ధతిని, ఒక అందాన్ని తెచ్చిన తొలితరం పెద్దలు కొందరు ఉన్నారు. వారిలో ముందు వరుసలో నిలిచేవారు సాలూరి రాజేశ్వరరావు. సంగీతం తెలిసినవారు ఆయనను ఎస్. రాజేశ్వరరావు అని, సాలూరు వారు అని పిలుచుకుంటారు.

కొండల కింద ఊరు

రాజేశ్వరరావు 1922 అక్టోబరు 11న సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టారు. సాలూరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. తూర్పు కనుమల కింద, వేగావతి నది ఒడ్డున ఉన్న ఊరు అది. మన బస్తరు నుంచి అది మరీ కొత్త దారేమీ కాదు. జగ్దల్‌పూర్ నుంచి కోరాపుట్ మీదుగా ఘాట్ రోడ్డు దిగితే కొండల కింద మొదట వచ్చే తెలుగు పట్టణం సాలూరే. రాయపూర్ నుంచి విజయనగరం వెళ్లే దారి అటు మీదుగా పోతుంది. ఇటు పామేడు వాళ్లు చర్ల, భద్రాచలం వైపు దిగి తెలుగు నేలను చేరినట్టే, అటు జగ్దల్‌పూర్ వాళ్లు సాలూరు దగ్గర దిగుతారు.

తండ్రి సన్యాసిరాజు గారు మృదంగ విద్వాంసులు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వేంకటస్వామి నాయుడు గారి కచేరీలలో మృదంగం వాయించినవారు. అప్పటి విజయనగరం సంగీతానికి పెట్టింది పేరు. 1919లో అక్కడ మహారాజావారి సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వారు కూడా అక్కడే పాఠం చెప్పారు. అలాంటి గాలిలో పెరిగిన పిల్లవాడికి తాళం ముందు వచ్చిందా, మాటలు ముందు వచ్చాయా అంటే చెప్పడం కష్టమే.

ఇక్కడ వయొలిన్ గురించి ఒక మాట చెప్పాలి. అది మన దేశంలో పుట్టిన వాద్యం కాదు. సుమారు 200 ఏళ్ల కిందట ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరోపియన్ల దగ్గర దానిని నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. వాళ్లు నిలబడి గడ్డం కింద పెట్టుకుని వాయించేదాన్ని మనవాళ్లు కింద కూర్చుని, కొసను పాదం మీద ఆనించి, గమకాలు పలికించారు. మన బదిలీ కుటుంబాల భాషలో చెప్పాలంటే వయొలిన్ ఎక్కడి నుంచో పోస్టింగు మీద వచ్చి ఇక్కడే స్థిరపడిపోయింది. హార్మోనియం కథా అంతే. అది లేకపోతే తెలుగు పద్యనాటకమే లేదన్నంతగా కలిసిపోయింది. ఒక వాద్యం మరో ఊరు వచ్చి ఆ ఊరి మాట నేర్చుకోగలదని చిన్న రాజేశ్వరరావు తన ఇంటి చుట్టుపక్కలే విన్నాడు. తర్వాత జీవితమంతా ఆయన చేసిన పనికి మూలం అదే.

పదమూడేళ్ల కృష్ణుడు

పసితనంలోనే అతని గొంతుకు పేరు వచ్చింది. పదేళ్లు దాటిన కొద్ది కాలానికే గ్రామఫోను రికార్డులకు పాడాడు. ఆ రికార్డులు విన్న సినిమావాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. 1935లో వచ్చిన ‘శ్రీకృష్ణ లీలలు’ సినిమాలో బాల కృష్ణుడు అతనే. కంసుడుగా వేమూరి గగ్గయ్య గారు నటించారు. రంగస్థలం మీద గర్జించడంలో గగ్గయ్య గారిని మించినవారు అప్పట్లో లేరు. ఆయన ఎదుట నిలబడి పాడి మెప్పించిన కుర్రాడికి అప్పటికి పదమూడేళ్లే. ఆ రోజుల్లో ఇంకా ప్లేబ్యాక్ పద్ధతి స్థిరపడలేదు. నటించేవాళ్లే పాడాలి. కెమెరా ముందు నడుస్తూ, తిరుగుతూ, శ్రుతి తప్పకుండా పాడాలి.

మరుసటి ఏడాది ‘మాయాబజార్’ అనే పేరుతో కూడా పిలిచిన ‘శశిరేఖా పరిణయం’లో అభిమన్యుడు వేశాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఇరవై ఏళ్ల తర్వాత ఇదే కథ మళ్లీ ఆయన జీవితంలోకి వస్తుంది.

కలకత్తా పాఠం

సినిమా పని మీద ఆ కుర్రాడు కలకత్తా చేరాడు. భాష కొత్త, తిండి కొత్త, మనుషులు కొత్త. బడి మారిన మొదటి వారం మీలో ఎవరికైనా ఎలా ఉంటుందో అతనికీ అలాగే ఉండి ఉంటుంది. కానీ అప్పటి కలకత్తా హిందుస్థానీ సినిమా సంగీతానికి రాజధాని. న్యూ థియేటర్స్ సంస్థలో ఆర్.సి. బొరాల్, పంకజ్ మల్లిక్ వంటి సంగీత దర్శకులు పనిచేస్తున్నారు. పాట వెనుక ఒక హార్మోనియం, ఒక తబలా ఉంటే చాలనుకునే రోజుల్లో వాళ్లు వయొలిన్లు, పియానో, ఆర్గన్ తెచ్చి భారతీయ రాగాలకు జతచేస్తున్నారు. కె.ఎల్. సైగల్ గొంతు దేశమంతా మోగుతోంది. రాజేశ్వరరావు ఆ సైగల్ దగ్గరే హిందుస్థానీ సంగీతం నేర్చుకున్నారు.

అలా ఇరవై ఏళ్లు రాకముందే ఆయన దగ్గర మూడు మూటలు చేరాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న కర్ణాటక సంగీతం ఒకటి. కలకత్తాలో కట్టుకున్న హిందుస్థానీ రాగాలు, బెంగాలీ పాటల మెత్తదనం ఇంకొకటి. అనేక వాద్యాలను ఒకచోట కూర్చోబెట్టే పాశ్చాత్య పద్ధతి మూడోది. మద్రాసు తిరిగి వచ్చాక ఆయన వీటిలో ఏ ఒక్కదాన్నీ పక్కన పెట్టలేదు.

1940లో గూడవల్లి రామబ్రహ్మం గారి ‘ఇల్లాలు’కు ఆయన సంగీతం ఇచ్చారు. ఆర్. బాలసరస్వతీదేవి గారితో కలిసి పాడిన లలిత గీతాల రికార్డులు ఇంటింటా మోగాయి. కచేరీ పాటలా బరువుగా కాకుండా, నాటకం పాటలా బిగ్గరగా కాకుండా, చెవి దగ్గర మెల్లగా పాడే పాట తెలుగువారికి అప్పుడే అలవాటైంది. అలా మెల్లగా పాడితే వెనుక వాద్యాలు కూడా మర్యాదగా ఉండాలి కదా! ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు ఊరుకోవాలో వాద్యాలకు తెలియాలి. ఆయన వాటికి నేర్పిన మొదటి పాఠం అదే.

ఒక్క గదిలో అందరూ

ఇప్పుడు పాట రికార్డు చేయాలంటే గాయని ఒక రోజు వచ్చి పాడి వెళ్తుంది, వేణువు వాయించే ఆయన మరో రోజు వస్తాడు, వయొలిన్లు మరో ఊరిలో రికార్డవుతాయి. తర్వాత కంప్యూటరులో అన్నీ కలుపుతారు. ఆ రోజుల్లో అలా కుదరదు. గాయకులు, వాద్యకారులు అందరూ ఒకే హాలులో చేరాలి. మైకులు చాలా తక్కువ. మెల్లగా పలికే వాద్యాన్ని మైకుకు దగ్గరగా, బిగ్గరగా మోగేదాన్ని దూరంగా కూర్చోబెట్టి ధ్వని సరిచూసుకునేవారు. ఐదు నిమిషాల పాటలో నాలుగో నిమిషంలో ఒక్కరు తప్పు వాయించినా అందరూ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అందుకే రికార్డింగుకు ముందు రిహార్సళ్లు రోజుల తరబడి సాగేవి.

ఆ హాలులో కూర్చున్నవాళ్లు కూడా ఒక్క ఊరివాళ్లు కారు. వీణ, మృదంగం వాయించేవారు స్వరాలను స రి గ మలలో రాసుకుంటారు. వయొలిన్, క్లారినెట్, గిటారు వాయించేవారిలో పాశ్చాత్య పద్ధతి చదువుకున్నవారు గీతల మీద చుక్కలు పెట్టిన సంకేతాలను చూసి వాయిస్తారు. ఒకరికి తమిళం, ఒకరికి తెలుగు, మరొకరికి ఇంగ్లీషు. సంగీత దర్శకుడు వరుస కడితే, దాన్ని ఏ వాద్యం ఎక్కడ ఎలా వాయించాలో విడమరచి రాసే సహాయకుడు ఒకరు ఉంటారు. సినిమా పూర్తయ్యాక తెర మీద బొమ్మ చూస్తూ నేపథ్య సంగీతం చేర్చడాన్ని రీరికార్డింగ్ అంటారు. వీళ్లందరి పని కలిస్తేనే మనకు వినిపించే సంగీతం అవుతుంది.

డోళ్ల మీద నాట్యం

రాజేశ్వరరావు 1940లలో జెమిని స్టూడియోలో చేరారు. ఎస్.ఎస్. వాసన్ గారు ‘చంద్రలేఖ’ అనే మహా చిత్రం తలపెట్టారు. అది 1948లో తమిళంలో వచ్చింది, తర్వాత అదే ఏడాది హిందీలోనూ వచ్చి దేశమంతా ఆడింది. దక్షిణాది సినిమా అంత పెద్ద ఎత్తున ఉత్తరాదికి వెళ్లడం అదే మొదలు. సంగీతం రాజేశ్వరరావుది. ఎం.డి. పార్థసారథి గారు ఆ పనిలో భాగస్వామి.

ఆ సినిమా పేరు చెబితే ఇప్పటికీ గుర్తువచ్చేది చివర వచ్చే డోళ్ల నాట్యం. కోట ముందు పెద్ద పెద్ద డోళ్లు వరుసలుగా నిలబెడతారు. వాటి మీద వందలాది నర్తకులు ఆడతారు. నాట్యం ముగిసేసరికి డోళ్ల లోపల దాక్కున్న సైనికులు బయటికి దూకి కోటను పట్టుకుంటారు. కథలో ఉన్నది యుక్తి. కానీ చూసేవారి గుండె వేగం పెంచింది లయ. ఆ సినిమా సంగీతంలో కర్ణాటక, హిందుస్థానీ రాగాలతో పాటు లాటిన్ అమెరికా లయలు, యూరప్ వాల్ట్జ్ నడకలు కూడా ఉన్నాయి.

బస్తరులో ఉండే మనకు డోలు శక్తి గురించి ఒకరు చెప్పనక్కరలేదు. మాడియాల గౌర్ నృత్యంలోనూ, భద్రాచలం వైపు కోయల కొమ్ము నృత్యంలోనూ తలమీద కొమ్ములు, మెడలో పెద్ద డోలు వేసుకుని మగవాళ్లు వరుసగా కదులుతుంటే నేల కూడా తాళం వేస్తున్నట్టు ఉంటుంది. ఇరవై డోళ్లు ఒక్కసారి మోగినప్పుడు మన కాలు దానంతట అదే కదులుతుంది. పెద్ద వాద్యబృందం వినడంలో ఉన్న మొదటి ఆనందం ఇదే. చాలామంది ఒక్క లయలో ఉన్నప్పుడు, వింటున్న మనం కూడా ఆ గుంపులో ఒకరమైపోతాం.

ఎద్దుబండి పరుగు

1951లో బి.ఎన్. రెడ్డి గారి ‘మల్లీశ్వరి’ వచ్చింది. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటి కథ. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు మాటలు, పాటలు రాశారు. భానుమతి, ఘంటసాల పాడారు. వాద్య సమ్మేళనంలో అద్దేపల్లి రామారావు గారు రాజేశ్వరరావుకు తోడు నిలిచారు. ‘చంద్రలేఖ’లో వందల మంది సందడి ఉంటే, ‘మల్లీశ్వరి’లో ఉన్నదంతా నిదానం.

అందులో వాన ముంచుకొస్తుండగా మల్లి, నాగరాజు బండిలో ఇంటికి పరుగు పెట్టే పాట ఒకటి ఉంది. కళ్లు మూసుకుని వినండి. ఎద్దుల పరుగు తాళంలో వినిపిస్తుంది. తెర చూడకపోయినా బండి కళ్లముందు కదులుతుంది. అదే సినిమాలో దూరమైన ఇద్దరు మబ్బుతో కబురు పంపుకునే పాట ఇంకొకటి ఉంది. అక్కడ తొందర ఉండదు. చరణానికీ చరణానికీ మధ్య వచ్చే వాద్యాలు గొంతు చెప్పలేని మిగతా దిగులును చెబుతాయి. స్నేహితులను వదిలి మరో ఊరు వెళ్లినవారికి ఆ పాట ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని లేదు.

పాటను ఇష్టపడటానికి రెండో కారణం ఇక్కడ దొరుకుతుంది. మాటకు అర్థం తెలియాలంటే ఆ భాష రావాలి. వాద్యం పలికేదానికి ఆ అవసరం లేదు. అందుకే తెలుగు రాని మీ మిత్రుడు కూడా బండి పాట విని తల ఊపుతాడు.

మళ్లీ మాయాబజార్

1957లో కె.వి. రెడ్డి గారు ‘మాయాబజార్’ తీశారు. ఇరవై ఏళ్ల కిందట అదే కథలో అభిమన్యుడు వేసిన కుర్రాడే ఇప్పుడు సంగీత దర్శకుడిగా కూర్చున్నాడు. నాలుగు పాటలకు వరుసలు కట్టాక ఆయన ఆ సినిమా నుంచి తప్పుకున్నారు. పని సగంలో ఆగింది. అప్పుడు ఘంటసాల వేంకటేశ్వరరావు గారు బాధ్యత తీసుకున్నారు. మిగతా పాటలన్నీ తాను చేశారు. అయితే అంతకు ముందే కట్టిన ఆ నాలుగు వరుసలను పక్కన పడేయలేదు. వాటిని అలాగే ఉంచి, వాద్యాలు సమకూర్చి, రికార్డు చేశారు.

వెన్నెల్లో పడవ మీద సాగే పాట ఆ నాలుగింటిలో ఒకటి. అభిమన్యుడు, శశిరేఖల జంటతో మొదలై, కృష్ణుడు రుక్మిణి, బలరాముడు రేవతి కూడా ఒకరి తర్వాత ఒకరు అదే పడవ ఎక్కే పాట అది. రాగం మోహన. ఐదే స్వరాలు. ఉత్తరాదిలో దీన్నే భూప్ లేదా భూపాలి అంటారు కాబట్టి హిందీ ప్రాంతం నుంచి వచ్చిన పిల్లలకూ ఇది తెలిసిన రాగమే. చైనా, జపాన్ జానపదాల్లో కూడా ఇలాంటి ఐదు స్వరాల పాటలు ఎన్నో ఉన్నాయి. ఆ కొద్ది స్వరాల చుట్టూ వాద్యాలు నీటి అలల్లా లేచి తగ్గుతాయి. అలల మీద పడవ ఊగినట్టు పాట ఊగుతుంది.

ఆ పాట వింటున్నప్పుడు ఇందులో ఇంత రాజేశ్వరరావుది, ఇంత ఘంటసాలది అని గీత గీయడం ఎవరి తరం కాదు. ఒకరు వేసిన విత్తును మరొకరు పెంచారు. వాళ్లిద్దరూ 1922లోనే పుట్టినవారు. ఇద్దరికీ గొప్ప పేరు ఉంది. అయినా పాట చెడకూడదన్నదే పైచేయి అయింది. అరవై ఏళ్లు దాటినా తెలుగువాళ్లు ఆ పాటను కొత్తగా వింటున్నారంటే కారణం ఆ మర్యాదే.

అడవి నుంచి ఆలయం దాకా

ఆ తర్వాత రాజేశ్వరరావు చేసిన పని చాలా ఉంది. అంతకు ముందే ‘విప్రనారాయణ’ (1954), ‘మిస్సమ్మ’ (1955) ఆయనకు పెద్ద పేరు తెచ్చాయి. ‘చెంచులక్ష్మి’ (1958)లో అడవి పిల్ల కథకు తగిన సంగీతం ఇచ్చారు. ‘డాక్టర్ చక్రవర్తి’ (1964)లో వీణతో కలిసి నడిచే పాట చేశారు. అదే ఏడాది ‘అమరశిల్పి జక్కన’లో శిల్పానికి, నాట్యానికి తగిన పాటలు కట్టారు. ‘భక్త ప్రహ్లాద’ (1967)లో నారదుడి పాత్ర వేసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి శాస్త్రీయ గానానికి తగిన చోటు ఇచ్చారు. ఒక సినిమాలో వీణ ముందు నడిస్తే, ఇంకో సినిమాలో పియానో నడిచింది. కథ ఏ వాద్యాన్ని అడిగితే దానికే ముందు పీట వేశారు. ఇంటి వాద్యమని వీణకు ఎక్కువ చేయలేదు, విదేశీదని పియానోను వెనక్కి నెట్టలేదు.

అప్పట్లో ఈ పద్ధతి అందరికీ నచ్చలేదు. సినిమావాళ్లు పరాయి వాద్యాలు తెచ్చి మన రాగాలను పాడుచేస్తున్నారని కోపపడిన పెద్దలు ఉన్నారు. వాళ్ల భయం ఉత్తదేమీ కాదు. వచ్చిన ప్రతి కొత్తదాన్నీ నెత్తిన పెట్టుకుంటే సొంత గొంతు పోయే ప్రమాదం నిజంగానే ఉంటుంది. రాజేశ్వరరావు పాటల్లో అలా జరగలేదు. కారణం, రాగం మీద ఆయన పట్టు ఎన్నడూ సడలలేదు. పాట పునాది ఇంటిది. దాని మీద ఏ ఊరి కిటికీ పెట్టినా ఇల్లు కూలదు.

ఆయన తమ్ముడు సాలూరి హనుమంతరావు గారు కూడా సంగీత దర్శకులే. కుమారుడు కోటి గారు తర్వాతి తరంలో రాజ్‌తో కలిసి రాజ్-కోటి జంటగా పేరు పొందారు. ఆ జంట దగ్గర కీబోర్డు వాయించినవారిలో ఒక యువకుడు తర్వాత ఏ.ఆర్. రెహమాన్‌గా ప్రపంచానికి తెలిశాడు. తెలుగు సినిమాకు చేసిన సేవకు రాజేశ్వరరావు గారికి రఘుపతి వెంకయ్య అవార్డు ఇచ్చారు. 1999 అక్టోబరులో మద్రాసులో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 77 ఏళ్లు.

మనకు ఇందులో ఏముంది?

మనలో చాలామందికి రెండు మూడేళ్లకోసారి టీసీ తీసుకుని కొత్త బడికి వెళ్లడం అలవాటు. ఒక చోట నేర్చుకున్న పాట మరో చోట ఎవరికీ తెలియదు. ఇక్కడ పామేడు వైపు కోయ, గోండి, తెలుగు, హల్బీ, హిందీ వింటాం. రేపు వెళ్లే చోట ఏ భాష వింటామో చెప్పలేం. ఎక్కడివాళ్లమో సరిగ్గా చెప్పలేక తడబడే మిత్రులు మన తరగతిలోనే ఉన్నారు.

సాలూరు పిల్లవాడు ఆ తడబాటును సంగీతంగా మార్చాడు. వెళ్లిన ప్రతి చోట ఒక శబ్దం దాచుకున్నాడు. దేన్నీ పారేయలేదు. ఇంట్లో నేర్చిన రాగాన్ని మాత్రం ఎప్పుడూ చేతి దగ్గరే ఉంచుకున్నాడు. ఆయన వాద్యబృందంలో వయొలిన్ వయొలిన్‌లాగే ఉంది, వీణ వీణలాగే ఉంది. అయినా అందరూ ఒక్క పాట వాయించారు. మంచి సినిమా సంగీతం మనకు హాయినివ్వడానికి అసలు కారణం అదేనని నాకు అనిపిస్తుంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ఒక గదిలో కూర్చుని తగవు లేకుండా ఉండగలరని అది చెవికి చూపిస్తుంది.

ఈ వారం ఒక పని చేయండి. ‘మాయాబజార్’ పడవ పాట గానీ, ‘మల్లీశ్వరి’ బండి పాట గానీ మూడుసార్లు వినండి. మొదటిసారి గొంతు మాత్రమే వినండి. రెండోసారి గొంతు వదిలేసి వాద్యాలను లెక్కపెట్టండి. మూడోసారి అన్నీ కలిపి వినండి. వీలైతే పక్కన తెలుగు రాని మిత్రుణ్ణి కూర్చోబెట్టుకోండి. తనకు ఏ వాద్యం నచ్చిందో అడగండి. తర్వాత వాళ్ల ఊరి పాట ఒకటి వినిపించమనండి.